గ్రాఫిక్స్ కార్డు గారి సర్వీసు రిజిస్టరు

ప్రభుత్వ కార్యాలయంలో ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడానికి మామూలు మనిషికి పదేళ్లు చాలు. పెదనందివాడ మునిసిపాలిటీలో జనన మరణాల నమోదు గుమాస్తా వాసంశెట్టి సూరిబాబుకు ఇరవై ఆరేళ్ల సర్వీసు ఉంది. అయినా ఆ మంగళవారం సమీక్షా సమావేశంలో నోరు జారాడు.

మూడు నెలల క్రితం బదిలీ మీద వచ్చిన కమిషనర్ పరాంకుశం గారికి వేగమంటే ప్రాణం. ఆయన కారు దిగి గదిలోకి వెళ్లేదాకా డ్రైవరు ఇంజను ఆపకూడదు. ఆపితే ఊరి అభివృద్ధి ఆగిపోయినట్టు బాధపడతారు.

"మన కంప్యూటర్లు ఇంత మందగమనముతో నడుచుటకు కారణమేమి?" అని అడిగారాయన.

"పాతవి సార్. కొత్తవి కొనడానికి పద్దు లేదు," అన్నారు మేనేజరు బుచ్చిరామలింగం గారు. ఆయనకు రాని నిబంధన లేదు, ఆయన వల్ల అయిన పని లేదు.

అందరూ తలలు దించుకున్నారు. అక్కడితో అయిపోవాల్సింది. సూరిబాబు మాత్రం తల ఎత్తాడు.

"పాతవైతే ఏటండీ, సెట్టింగులు మారిస్తే పరిగెడతాయండి. మా ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు ఎనిమిదేళ్లదండి. పైసా కర్చు లేకుండా పదిహేను శాతం స్పీడు పెంచానండి, ఆయ్."

కమిషనర్ గారు కలం కింద పెట్టారు. ఆ కలం కింద పెట్టడం చూసి సూరిబాబుకు తను నోరు జారిన సంగతి తెలిసింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

అసలు సంగతి ఇది. సూరిబాబు జీవితంలో విమానం ఎక్కలేదు. ఎక్కే అవసరమూ రాలేదు. కానీ రోజూ సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదింటి వరకు తన ఇంట్లో, తన పాత కంప్యూటర్లో, మధురపూడిలో విమానం లేపి విశాఖపట్నంలో దింపుతాడు. అదొక ఆట. పగలంతా పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ రాసే మనిషికి ఆ గంటే ఊపిరి. ఆ గంటలో భార్య తాయారు పిలిచినా "గాల్లో ఉన్నానే" అంటాడు. ఆవిడ కూడా దిగేదాకా ఆగి, అప్పుడు కూర తెమ్మని పంపిస్తుంది.

చిక్కల్లా దిగేటప్పుడే. రన్‌వే దగ్గర ఇళ్లూ చెట్లూ కొండలూ ఒక్కసారిగా తెర మీదికి వచ్చేసరికి పాత కార్డుకు ఆయాసం వచ్చేది. బొమ్మ ఆగి ఆగి కదిలేది. రన్‌వే మీద ఉన్నామనుకుంటే విమానం పొలంలో ఉండేది. నీడలు తీసేశాడు, మబ్బులు తగ్గించాడు, చివరికి విశాఖపట్నంలో చెట్లన్నీ కొట్టించేశాడు. అయినా చాలక, కార్డు వేగం పెంచే కిటుకు నేర్చుకున్నాడు. కంపెనీ వాళ్లు వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి పంపిన వేగాన్ని పది పెంచడం, పావుగంట నడిపి చూడడం, వేడి కనిపెట్టడం, తెర మీద రంగు మచ్చలు రాకపోతే మరో పది, వస్తే రెండడుగులు వెనక్కి. కంప్యూటరు డబ్బా పక్క రేకు ఊడదీసి టేబులు ఫ్యాను కూడా పెట్టాడు. బాలింతకు పత్యం పెట్టినట్టు రెండు నెలలు సాకి, దాన్ని పదకొండు వందల యాభైకి తెచ్చాడు. ఇప్పుడు పదిసార్లలో ఎనిమిదిసార్లు రన్‌వే మీదే దిగుతున్నాడు.

ఇదంతా సమావేశంలో చెప్పలేదు. చెప్పింది పదిహేను శాతమే. వినాల్సినవారు అదే విన్నారు.

"వ్యయము లేకుండా, నూతన నియామకములు లేకుండా, పదిహేను శాతము!" కమిషనర్ గారి కళ్లు మెరిశాయి. "సదరు యంత్రమును రేపు ఉదయము కార్యాలయమునకు తీసుకొనిరాగలరు. దానిని ఆదర్శముగా నిలబెట్టి సిబ్బంది యావన్మందికి వేగమును అలవరచెదము."

"అయ్యా, అది బొమ్మల కార్డండి. మన సర్టిఫికెట్లకీ దానికీ ఏ సమ్మందం లేదండి."

"సంబంధము సంగతి దిగువ స్థాయిలో చూచుకొనవచ్చును. వేగము ప్రధానము."

మర్నాడు సూరిబాబు కంప్యూటరును దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాడు. గుమ్మంలోనే మేనేజరు గారు చేయి అడ్డం పెట్టారు.

"ప్రైవేటు వస్తువు ఆఫీసులో ఉండడానికి వీల్లేదు. కొందామంటే వాడిన సామాను కొనకూడదు. అద్దెకు తీసుకోవాలంటే టెండరు పిలవాలి. విరాళం అనుకుందామంటే కౌన్సిల్ తీర్మానం కావాలి, కౌన్సిలే లేదు."

"పోనీ ఇంటికి పట్టుకుపోతానండి," అన్నాడు సూరిబాబు ఆశగా.

"కమిషనర్ గారి ఉత్తర్వు ఉంది కదయ్యా, పట్టుకుపోవడానికీ వీల్లేదు." మేనేజరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నప్పుడల్లా ఒక నిబంధనకు రెక్కలొస్తాయి. "వస్తువు రాకూడదు. మనిషి రావచ్చు. మన దగ్గర డేటా ఎంట్రీ ఆపరేటరు పోస్టు ఆరేళ్లుగా ఖాళీగా ఉంది. ఉద్యోగి ఆఫీసుకొస్తే కాదనేవాడెవడు?"

సాయంత్రానికి గ్రాఫిక్స్ కార్డు ఉద్యోగంలో చేరింది. వేగం పెరిగింది కార్డుదే కాబట్టి ఉద్యోగం దానికే. మిగతా డబ్బా, తెర, కీబోర్డు దాని వెంట వచ్చిన కుటుంబం కింద లెక్క. కొత్త సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టిన తేదీ అట్టపెట్టె మీద చూసి వేశారు. పుట్టుమచ్చల గడిలో "వెనుకవైపు రెండు ఫ్యాన్లు" అని రాశారు. వివాహమైనదా అన్న గడి దగ్గర కొంత చర్చ జరిగి, ప్రస్తుతానికి ఖాళీగా వదిలేశారు.

హాజరు ఒక్కటే ఇబ్బంది పెట్టింది. ఫోను యాప్‌లో ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది. కార్డుకు ముఖమేది? సూరిబాబు ఇంటికెళ్లి అటక మీంచి అట్టపెట్టె తెచ్చాడు. దాని మీద ఇనుప కవచం తొడుక్కుని కత్తి పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. సూరిబాబు ముఖాన్ని రోజూ మూడుసార్లు కాదనే ఆ యాప్, ఆవిణ్ణి చూడగానే పచ్చగా టిక్కు పెట్టింది. ఆ రోజు నుంచి ఆ అట్టపెట్టెకు హాజరు వేయించడం కూడా అతని పనే అయింది.

"సాయంత్రాలు ఇంటికి పట్టుకెళ్లి పొద్దున్నే తెచ్చేస్తానండి," అని బతిమాలాడు.

"ఉద్యోగి హెడ్‌క్వార్టరు విడిచి వెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాలి. అదీ తన చేత్తో దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకోమను, చూద్దాం," అన్నారు మేనేజరు గారు.

ఆ సాయంత్రం ఏడయ్యేసరికి సూరిబాబు ఇంట్లో ఖాళీ బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"ఏటండీ, కాలుగాలిన పిల్లిలాగ ఆ తిరగడం?" అంది తాయారు.

"వారం రోజులేనే. ఇచ్చేత్తారు," అన్నాడు. ఆ మాట తను నమ్మలేదు, ఆవిడా నమ్మలేదు.

వారం గడిచింది. కమిషనర్ గారు జిల్లాకు నివేదిక పంపారు. అందులో సర్టిఫికెట్ల ఊసు లేదు. "ఈ మునిసిపాలిటీ వేగము వెయ్యి నుండి పదకొండు వందల యాభైకి పెరిగినది" అని ఒక్క వాక్యం. జిల్లా నుంచి ప్రశంస వచ్చింది. ప్రశంస చూసి పక్క మునిసిపాలిటీ తమ వేగం పదమూడు వందలని రాసింది. వాళ్ల దగ్గర కార్డు లేదు, కలం ఉంది. ఇంక కమిషనర్ గారికి నిద్ర పడుతుందా?

"ఈ వారము పదమూడు వందల యాభై," అన్నారు సమావేశంలో.

"ఒక్కసారి పెంచకూడదండి. పదేసి పెంచి చూసుకోవాలండి. లేపోతే మాడిపోద్దండి."

"మనది పదేసి పెంచు మునిసిపాలిటీ కాదు, సూరిబాబు గారూ."

సూరిబాబు సరేనన్నాడు. గోడ మీద చార్టులో పదమూడు వందల యాభై అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాడు. కార్డును మాత్రం పదకొండు వందల యాభై దగ్గరే ఉంచాడు. తర్వాతి వారం పధ్నాలుగు వందలు రాశాడు. కార్డు కదల్లేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అబద్ధం రాయడం అదే మొదటిసారని అనలేం గానీ, ప్రేమ కొద్దీ రాయడం మాత్రం అదే మొదటిసారి.

అయినా కార్డుకు కష్టాలు తప్పలేదు. ఇంట్లో దానికి ఫ్యాను ఉండేది. ఆఫీసుకు దాన్నీ తెచ్చాడు గానీ, దాని ముందు మేనేజరు గారు కుర్చీ వేసుకున్నారు. ఏప్రిల్ నెల. ఒక మధ్యాహ్నం వేడి ఎనభై నాలుగు డిగ్రీలకు చేరి తెర మీద రెండు ఆకుపచ్చ మచ్చలు కనిపించాయి. అప్పుడే అటుగా వెళుతున్న కమిషనర్ గారు అది గమనించారు. సాయంత్రానికి కార్డుకు మెమో వచ్చింది.

"విధి నిర్వహణ సమయమున ఉద్రేకమునకు లోనై ఎనభై నాలుగు డిగ్రీలకు చేరినందులకు, సందర్శకుల ఎదుట రంగులు మార్చినందులకు, మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను."

సంజాయిషీ సూరిబాబే రాశాడు. గాలి వచ్చు దారిలో మేనేజరు గారు ఆసీనులైనందున ఉక్క భరించలేకపోతిననీ, పెద్ద మనస్సుతో క్షమించిన యెడల ఇకముందు చల్లగా ఉండగలననీ రాసి, సంతకం చోట అట్టపెట్టె మీది కంపెనీ ముద్ర కత్తిరించి అంటించాడు. కమిషనర్ గారు మందలించి వదిలేశారు. మేనేజరు గారు మాత్రం తన పేరు ఎత్తినందుకు కార్డుతో వారం రోజులు ముభావంగా ఉన్నారు.

మే మొదటి వారంలో వేగ వారోత్సవం పెట్టారు. ముఖ్య అతిథి ప్రాంతీయ తనిఖీ అధికారిణి సులోచనాదేవి గారు. షామియానా, పూలదండలు, "మన వేగం పదిహేను వందలు" అని గజం గజం అక్షరాల బ్యానరు. కంప్యూటరును వేదిక మీద పెట్టి డబ్బాకు బొట్టు పెట్టారు. సూరిబాబు దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ ముచ్చట అయిపోతే ఇంటికి ఇచ్చేస్తామని మేనేజరు గారు ముందురోజే మాటిచ్చారు. పొద్దున్న బయల్దేరేటప్పుడే బల్ల మీద దుమ్ము తుడిచి వచ్చాడు.

కమిషనర్ గారు స్వయంగా కుర్చీలో కూర్చుని తెర చూశారు. పదకొండు వందల యాభై. బ్యానరు చూశారు. సూరిబాబును చూశారు.

"ఇదేమి?"

"దాని వొంటికి అంతేనండి. అంతకంటే పెంచితే తట్టుకోలేదండి. నా మాట ఇనండి."

"వొంటికి అంతే అను మాట నా హయాములో వినరాదు," అని కమిషనర్ గారు మౌసు పట్టుకుని వేగం గీతను కుడి చివరికి ఈడ్చారు. ప్రమాదమని ఒక హెచ్చరిక వచ్చింది. ఆయన చదవకుండానే అంగీకరించారు. వచ్చిన ప్రతి కాగితాన్నీ అలాగే అంగీకరించి ఆయన ఇంత వరకు వచ్చారు. కింద వోల్టేజీ అని ఇంకో గీత కనిపించింది. "ఇదియును ఉన్నదే! దీనిని ఇంతకాలము వృథాగా ఉంచితిరా?" అని దాన్నీ చివరికి తోశారు.

కార్డు ఫ్యాన్లు రెండూ ఒక్కసారిగా హోరెత్తాయి. జనం చప్పట్లు కొట్టారు. తెర నిండా గులాబీ, ఆకుపచ్చ గళ్లు పరుచుకున్నాయి. అలంకారమనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. తర్వాత కాలిన వాసన వచ్చింది. తెర నల్లబడింది. డబ్బాలోంచి సన్నగా పొగ లేచింది.

సూరిబాబు పరిగెత్తుకెళ్లి ప్లగ్గు పీకాడు. కార్డు మీద చెయ్యి వేసి, కాలి, తీసేశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోయిందండి," అన్నాడు.

మేనేజరు గారు లేచి నిలబడి, విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి కాబట్టి రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నారు. అందరూ లేచారు. సులోచనాదేవి గారు కూడా లేచారు.

మౌనం అయ్యాక కాగితాలు మొదలయ్యాయి. ఉద్యోగి పోతే సర్వీసు రిజిస్టరు మూయాలి. మూయాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. అది ఇవ్వాల్సిన గుమాస్తా సూరిబాబే.

కారణం గడి దగ్గర కమిషనర్ గారు అతని వెనకే నిలబడ్డారు. "వృద్ధాప్యము అని వ్రాయుము. గీత ఎవరు జరిపిరన్న ప్రశ్న ఉత్పన్నము కారాదు."

సూరిబాబు టైపు కొట్టాడు. సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల వయసుకు వృద్ధాప్యం చెల్లదంది.

"అటులైన వయస్సు పెంచుము."

"కార్డుకాండీ?"

"కాగితమునకు."

డెబ్బై రెండు అని వేస్తే సాఫ్ట్‌వేరు సంతోషంగా ధ్రువపత్రం అచ్చు వేసింది. తను సాకిన కార్డుకు తన చేత్తోనే ఆ కాగితం ఇవ్వడానికి సూరిబాబుకు మనసొప్పలేదు. అయినా ముద్ర వేశాడు. ముద్ర వెయ్యకపోతే డబ్బా కూడా ఇంటికి రాదు.

వారం తర్వాత సులోచనాదేవి గారు ఫైలు పట్టుకుని తనిఖీకి వచ్చారు.

"పదవీ విరమణ వయస్సు దాటిన డెబ్బై రెండేళ్ల వ్యక్తిని ఏ నిబంధన కింద నియమించారు?"

కమిషనర్ గారు క్షణం తడబడ్డారు. "గుమాస్తా పొరపాటు మేడమ్. వాస్తవమున వయస్సు ఎనిమిది."

"ఎనిమిదేళ్ల పిల్లను పనిలో పెట్టారా?" ఆవిడ కలం తీశారు. "అదీ మే నెల ఎండలో, ఫ్యాను లేకుండా?"

మేనేజరు గారు కళ్లజోడు తీశారు గానీ తుడుచుకోవడానికి చేతులు రాలేదు. గదిలో ఎవరూ అనని మాట సూరిబాబే అన్నాడు.

"అమ్మగారూ, అది మనిషి కాదండి. కంప్యూటర్లో కార్డండి."

ఆవిడ అతని వంక జాలిగా చూశారు. "సర్వీసు రిజిస్టరు ఉందా?"

"ఉందండి."

"హాజరు పడిందా?"

"రోజూ పడిందండి."

"సంజాయిషీ రాసిందా?"

"రాసిందండి."

"మరి ఇంకేం కావాలయ్యా మనిషికి?"

ఆలోచిస్తే సూరిబాబుకు తన దగ్గర కూడా అంతకు మించి రుజువులేం లేవనిపించింది.

చివరికి మేనేజరు గారే దారి చూపించారు. వయసు గడిలో "నిర్ధారణలో ఉన్నది" అని రాసి, నిర్ధారణకు కమిటీ వేశారు. కమిటీ అనగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మాడిన కార్డును గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, సాక్ష్యంగా బీరువాలో పెట్టారు. డబ్బాను, తెరను కుటుంబ సభ్యుల కింద సూరిబాబుకు అప్పగించారు.

ఇంటికి తెచ్చి పెట్టి చూశాడు. కార్డు లేనిదే ఆట తెరుచుకోనంది. ఊళ్లో రిపేరు షాపుకు వెళితే, ఈ డబ్బాకు పట్టే కార్డులు తయారవడం మానేసి ఏళ్లయిందన్నారు. ఆ సాయంత్రం కూడా ఏడింటికి అతను బల్ల ముందు కూర్చుని నల్లటి తెర చూశాడు. తాయారు వచ్చి పక్కన కూర్చుంది.

మూడో రోజు ఉత్తర్వు వచ్చింది.

"డేటా ఎంట్రీ ఆపరేటరు పోస్టు ఖాళీ ఏర్పడినందున, నూతన నియామకము జరుగువరకు సదరు పోస్టు యొక్క పూర్తి అదనపు బాధ్యతలు శ్రీ వాసంశెట్టి సూరిబాబు నిర్వహించవలెను. వేగము పదిహేను వందలకు తగ్గరాదు. ప్రతిదినము సాయంత్రము ఏడు గంటలకు జరుగు వేగ సమీక్షకు విధిగా హాజరు కావలెను."

సూరిబాబు కాగితం బల్ల మీద కొట్టాడు. "ఆ కార్డు ఉద్యోగం నన్ను చెయ్యమంటన్నారే!"

"అది చేసే పనేటండీ?" అంది తాయారు.

"ఏవుంది? ఓ మూల కూచుని వేడెక్కడవే."

"అదైతే మీరిప్పుడే చేత్తన్నారు గదా."

నవ్వాలో ఏడవాలో తెలియక చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

సమావేశం గదిలో ఆపరేటరు హోదాలో కార్డుకు కేటాయించిన కుర్చీ అతనికి ఇచ్చారు. కమిషనర్ గారు వేగం ఆవశ్యకత మీద మొదలుపెట్టారు. ఆయన గొంతు ఎక్కడా హెచ్చదు, తగ్గదు. విమానం ఇంజనులాగా ఒకే తీరున సాగిపోతుంది. సూరిబాబు ఒళ్లు మండుతూనే కాసేపు విన్నాడు. తర్వాత కళ్లు అరమూతలు పడ్డాయి. మధురపూడిలో రన్‌వే మీద దీపాలు వెలిగాయి. చేతులు బల్ల కింద మెల్లగా కదిలాయి. నేల కిందికి జారింది. గోదావరి మీద ఎండ తళతళలాడింది. ఎవరూ తగ్గించని మబ్బులు, నీడలు, తుని కొండలు. విశాఖపట్నంలో తను కొట్టించేసిన చెట్లన్నీ మళ్లీ మొలిచి ఉన్నాయి. సముద్రం వైపు తిరిగి, ముక్కు కాస్త దించి, దిగాడు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. చక్రాలు నేలను తాకిన సంగతి కూడా తెలియలేదు.

"సూరిబాబు గారూ! వేగము ఎంత?"

సూరిబాబు కళ్లు తెరిచాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖం తేటగా ఉంది.

"దిగిపోయామండి," అన్నాడు.

"సంతోషము. ఇదే వేగమును కొనసాగించగలరు," అని రాసుకుని, కమిషనర్ గారు కాలువల పూడికతీత అంశంలోకి వెళ్లారు. దాని మీద ఆయన ఎంత లేదన్నా నలభై నిమిషాలు మాట్లాడతారు. తిరుగు ప్రయాణానికి అది చాలు.